ఆరుగురి పేర ఒక ముద్ర

జనవరి 15, మంగళవారం

నిప్పొంబాషి వీధిలో మా కంపెనీ చేసే చేతి ఆటపెట్టె హిబారి మూడో మోడల్‌ను తట్టలో పోసి అమ్ముతున్నారు. కమలాపళ్ళలాగా. 'ఏది తీసినా సగం ధర' అని అట్టముక్క మీద రాసి గుచ్చారు. ఒకటి చేతిలోకి తీసుకుని ఎడమ బటను నొక్కాను. టిక్. సరిగ్గా పలికింది. వెనక్కి తిప్పితే బటన్లు పరీక్షించినవాళ్ళ నంబరుతో గుండ్రటి చిన్న కాగితం, దాని మీద 6. అంటే మా గదే. ఆరో నంబరు కుసుదా పిన్ని బొటనవేలు.

"కమలాపళ్ళనైనా ఒకదాని మీద ఒకటి పొయ్యరయ్యా, నలుగుతాయని" అన్నాను కొట్టువాడితో.

"కొంటావా బాబూ? లేదంటే పక్కకి జరుగు, ఎండ తగలనీ" అన్నాడు. కొట్టు బజారు కప్పు కింద ఉంది. అక్కడ ఎండెక్కడిది! ఒసాకాలో కోపం తెచ్చుకోవడం కూడా కష్టమే, ఎదుటివాడు నవ్వించేస్తాడు. నేను నవ్వలేదు.

తిరుగు రైల్లో పెట్టెలో పద్దెనిమిది మందిమి. పదహారు మంది అద్దం తుడుస్తున్నట్టు ఫోన్లు రుద్దుతున్నారు. ఒకాయన నిద్రలో ఉన్నాడు. మిగిలింది నేను.

నా దగ్గరున్న పాత సమ్మె కరపత్రాల్లో నీలం అట్ట దాంట్లో ఉంది: 'చేతికి పని పోయిన చోట మనిషికి మాట పోతుంది.' దాని కింద గీత గీశాను. ఇదివరకే ఒక గీత ఉంది.

జనవరి 17, గురువారం

భోజనాల హాల్లో అందర్నీ నిలబెట్టి మేనేజరు కబురాగి గారు ఉపన్యాసం ఇచ్చారు. జనం ఆట కోసం ఇప్పుడు విడిగా ఒక పెట్టె కొనరట. జేబులో ఫోను ఉండనే ఉందిట. మన పెట్టెకి ఆటలు రాసే కంపెనీలు నిరుడు పద్నాలుగు, ఈ ఏడాది మూడే. కాబట్టి మన భవిష్యత్తు ఫోనులో చీట్ల ఆట. రెండొందల యెన్ పెడితే చీటీ తిరుగుతుంది, ఒక వీరుడో ఒక చేపో వస్తుంది. మంచి వీరుడు రావాలంటే మళ్ళీ రెండొందలు.

నేను చెయ్యెత్తాను. హాల్లో చెయ్యెత్తింది నేనొక్కణ్ణే.

"మేనేజరు గారూ, మన పెట్టె ఒకసారి కొంటే పదేళ్ళు ఆడుకుంటారు. ఇది జూదం కదండీ?"

"సుగెనో, నీ వయసెంత?"

"ఇరవై నాలుగండి."

"నాకు ఇరవై నాలుగప్పుడు క్యాసెట్ పోయి సీడీ వస్తోందని నేనూ ఏడ్చాను. కూర్చో."

కూర్చోడానికి కుర్చీలు లేవు, అందరం నిలబడే ఉన్నాం. అందరూ నవ్వారు. మా గది వాళ్ళు నవ్వలేదు. పిన్ని నా జేబులో బెల్లం మిఠాయి ఒకటి పడేసింది. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరింట్లో చావు జరిగినా, ఎవరు తిట్లు తిన్నా ఆవిడ మందు ఒకటే.

జనవరి 20, ఆదివారం

శత్రువు ఆయుధం తెలియకుండా యుద్ధం చెయ్యకూడదు. ఫోనులో చీట్ల ఆట ఒకటి పెట్టుకున్నాను. ఒక్కసారి తిప్పాను. చేప వచ్చింది. పరిశీలన కోసం.

జనవరి 23

పరిశీలన కోసం ఇంకో మూడుసార్లు.

ఫిబ్రవరి 1, శుక్రవారం



సాయంత్రం కబురాగి గారు స్వయంగా మా పరీక్ష గదికి వచ్చి, చల్లగా ఒక ఫైలు నా బల్ల మీద పెట్టి వెళ్ళారు. అంగీకార పత్రం. హిబారి నాలుగో మోడలు రద్దు. బటన్ల పరీక్ష గది మార్చి 31న మూత. 'సిబ్బంది విషయం సముచితంగా పరిశీలించబడును.' కింద సంతకాల బదులు ముద్రలు వెయ్యడానికి వరసగా పదకొండు గడులు. మా గది గడి కుడిచివర. ఎడమకి పోయేకొద్దీ పెద్దవాళ్ళు, ఆ చివర ప్రెసిడెంటు. కింది గడి నిండందే కాగితం పైకి కదలదు. పెద్దాయన కంపెనీ పెట్టిన రోజు నుంచీ ఇదే ఆచారం.

మా గదికి గడి అంటే ఇప్పుడు నేనే. ముసలి సూపర్వైజరు నిరుడు రిటైరయ్యాడు. గదిలో ఆరుగురం, అందులో పర్మనెంటు నేనొక్కణ్ణే. మిగతా ఐదుగురివీ ఏటేటా ఒప్పందాలు. పిన్నిది ఇరవై ఒక్క ఏళ్ళ 'ఏటేటా'. యంత్రం సరే అన్న బటన్‌ను ఆవిడ వేలు కాదంటుంది. విప్పి చూస్తే లోపల వెంట్రుకంత పగులు ఉంటుంది. ఆవిడకి గడి లేదు. మూడేళ్ళ సర్వీసున్న నాకు ఉంది.

అంటే ఆరుగురి పేర ముద్ర ఒకటే. అది నా సొరుగులో ఉంది. బొటనవేలంత కర్రముక్క.

నేను వెయ్యను. వెయ్యకపోతే ఇది ఇక్కడే ఆగుతుంది. మార్చి దాటితే లెక్కల సంవత్సరం మారుతుంది, మొత్తం మళ్ళీ మొదటికి రావాలి. వెయ్యను. వెయ్యను.

పిన్ని అడిగింది, "ఏంట్రా ఆ ఫైలు? మేనేజరంతటివాడు కాళ్ళరిగేలా మోసుకొచ్చాడు."

"ఏం లేదు పిన్నీ. ఏసీ ఫిల్టర్లు శుభ్రం చెయ్యడానికి మనుషులొస్తారట."

"అబ్బ, ఇన్నాళ్ళకి! ఆ దుమ్ముకే కదా నాకు దగ్గు."

వాళ్ళని అనవసరంగా కంగారు పెట్టడం ఎందుకు. నేను ఎలాగూ వెయ్యనుగా.

ఫిబ్రవరి 3, ఆదివారం

కరపత్రాలన్నీ ముందేసుకుని కూచున్నాను. ఫుసే స్టేషను కింద పాత పుస్తకాలవాడి దగ్గర కొన్నవి, ముప్ఫై ఒకటి. సమ్మె ఎలా చెయ్యాలో ఉంది. జెండా ఎలా కుట్టాలో కూడా ఉంది. ఆరుగురి బదులు ఒకడి సొరుగులో ముద్ర ఉంటే వాడేం చెయ్యాలో ఒక్కదాంట్లోనూ లేదు.

పరిశీలన, నాలుగుసార్లు. వెండి వీరుడు వచ్చాడు. లేచి గదిలో ఒక చుట్టు తిరిగాను.

ఫిబ్రవరి 4, సోమవారం

నిన్నటి పండగకి చేసిన అన్నపు చుట్టలు మిగిలిపోయి సగం ధరకి ఇస్తుంటే పిన్ని ఆరు కొనుక్కొచ్చింది. మధ్యాహ్నం అందరం నిలబడి తిన్నాం. ఆ ఏటి మంచి దిక్కుకి తిరగాలి, చుట్ట పూర్తయ్యేదాకా నోరు విప్పకూడదు, మనసులో ఒకటి కోరుకోవాలి.

"పండగ అయిపోయాక తింటే దేవుడు వింటాడా పిన్నీ?" అన్నాన్నేను.

"సగం ధరకి సగం వింటాడు. తిను."

ఈ ఏడాది దిక్కు దక్షిణం, కాస్త ఆగ్నేయానికి. మా గదిలో అటువైపున్నది నా బల్ల. నా సొరుగు. ఐదుగురు ఆడవాళ్ళు నా సొరుగుకేసి తిరిగి, కళ్ళు మూసుకుని, నోట మాట లేకుండా, అన్నపు చుట్ట కొరుకుతూ కోరికలు కోరుకున్నారు. నేనూ అటే తిరిగాను.

మాట్లాడకూడదు కాబట్టి చెప్పలేదు. తిన్నాక చెబుదామనుకున్నాను. తిన్నాక గంట కొట్టారు.

ఫిబ్రవరి 5, మంగళవారం

వేశాను.

తలకిందులుగా వేశాను. ఇది రాసిపెట్టుకోవాలి. ముద్ర తలకిందులుగా పడితే 'కాగితం ఆపను గానీ ఒప్పుకోను' అని అర్థం. పాతకాలం ఉద్యోగులందరికీ తెలిసిన విషయమే, కబురాగి గారికి తెలియదా? పైనున్న పదిమందీ చూస్తారు. కిందనుంచి ఒకడు ఎదురు తిరిగాడని ప్రెసిడెంటు దాకా తెలుస్తుంది.

కబురాగి గారు తన గదికి పిలిచారు. టీ తెప్పించారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, నాకు తిట్లకి జవాబులు వచ్చు.

"సుగెనో, కాగితం నీ దగ్గర ఐదు రోజులుంది. నేను ఒక్క మాట అన్నానా?"

"లేదండి."

"పైన పదిమంది ఎదురు చూస్తున్నారు. నువ్వు వెయ్యకపోతే వాళ్ళు నిన్నేమీ అనరు. నేనే తల వంచవలసి వస్తుంది. పదిసార్లు. ఏముందిలే, వంచుతాను." అని నిజంగానే నాకు తల వంచారు. యాభై నాలుగేళ్ళ మనిషి. నడినెత్తిన జుట్టు పలచబడి, లోపలి చర్మం గులాబీరంగులో కనిపించింది. "సముచితంగా పరిశీలిస్తామని రాసే ఉంది కదా. కుసుదా గారినీ వాళ్ళనీ నడిరోడ్డున వదిలేస్తామా? టీ చల్లారిపోతోంది."

తలకిందులుగా వేశాను.

ఫిబ్రవరి 6

తలకిందులుగానే.

ఫిబ్రవరి 8, శుక్రవారం

మెట్ల మీద కబురాగి గారు భుజం తట్టారు. "మర్యాద తెలిసినవాడివయ్యా. ఈ కాలం పిల్లల్లో ఇంత పద్ధతి ఉందని అనుకోలేదు" అన్నారు.

ఎత్తిపొడుపు. తలకిందుల ముద్ర గుచ్చుకుంది, గుచ్చుకోనట్టు నటిస్తున్నారు. నాకు తెలుసు.

పిన్ని: "ఒరేయ్, ఫిల్టరు వాళ్ళు ఎప్పుడొస్తారు?"

"వస్తారు పిన్నీ."

ఫిబ్రవరి 22

పిన్ని ఇంటి నుంచి మడత స్టూలు తెచ్చి ఏసీ కింద పెట్టింది. వచ్చేవాళ్ళకి ఎత్తు అందదేమోనని.

మార్చి 1, శుక్రవారం

ఐదుగురికీ ఐదు కవర్లు. ఏప్రిల్ నుంచి ఒప్పందం పొడిగింపు లేదు. 'సముచితంగా పరిశీలించిన మీదట' అని ఉంది. పరిశీలించారన్నమాట!

ఎవరూ ఏడవలేదు. వాళ్ళలో ఒకామె మాత్రం, "మరి మనల్ని ఒక్క మాట అడగలేదే?" అంది గోడకేసి చూస్తూ. పిన్ని కవరు మడిచి ఆప్రాన్ జేబులో పెట్టుకుని, తట్టలో మిగిలిన పెట్టెలు తీసి బటన్లు నొక్కడం మొదలుపెట్టింది. టిక్, టిక్, టిక్. ఒకటి పక్కన పెట్టింది. "ఇది పోయింది, రాసుకో" అంది నాతో. ఎవరి కోసం రాసుకోవడం? రాసుకున్నాను.

నేను కబురాగి గారి గదికి పోయి తలుపు కొట్టకుండా దూరాను. అరిచాను. ఏం అరిచానో గుర్తులేదు, కరపత్రాల భాష అంతా వచ్చేసింది. ఆయన విని, "అయిపోయిందా?" అన్నారు. "అయిపోయిన కాగితం మీద అరిస్తే నోరు నొప్పి. ఏప్రిల్ ఒకటిన నీకు మూడో అంతస్తు."

మార్చి 29

ఆఖరి రోజు. పిన్ని అందరికీ మిఠాయిలు పంచింది. స్టూలు మాత్రం వదిలేసి వెళ్ళింది, మోసుకుపోవడం కష్టమని.

ఏప్రిల్ 1, సోమవారం

మూడో అంతస్తు. తలుపు మీద 'వృత్తి నవీకరణ గది'. కంపెనీలో అందరూ అనేది తరిమేసే గది, విసిగి మనమే రాజీనామా చేసేదాకా కూచోబెడతారు. ఇదివరకు అట్టపెట్టెలు దాచేవారు. కిటికీ ఉంది గానీ అద్దానికి తెల్లకాగితం అంటించారు, వెలుతురు వస్తుంది, ఊరు కనబడదు. బల్లలు ఏడు. మనుషులు ఇద్దరం. బల్లల మీద ఫోను లేదు, కంప్యూటరు లేదు. పొద్దున తొమ్మిదికి కూచోవాలి, ఆరింటికి లేవాలి. లేచేముందు ఒక కాగితం: 'ఈ రోజు నేను చేసిన పని.' కింద ముద్ర వెయ్యాలి. పని ఇవ్వరు, నివేదిక మాత్రం కావాలి.

రెండో మనిషి మురోయి గారు. మొట్టమొదటి హిబారి బటను ఎంత లోతు దిగాలో నిర్ణయించినాయన. వంద రకాలు చేసి, చివరికి మిల్లీమీటరులో పదోవంతు దగ్గర నెల రోజులు పోట్లాడారని చెప్పుకుంటారు. ఇప్పుడు రోజంతా గోళ్ళు చూసుకుంటారు.

"ఎన్నాళ్ళయింది మీరొచ్చి?"

"వెనకటి ఆటల్లో తలుపు తెరవాలంటే తాళంచెవి ఎక్కడో దాచి ఉండేది కదా," అన్నారు. "పదకొండు నెలలుగా వెతుకుతున్నాను. ఈ ఆట చేసినవాడు తాళంచెవి పెట్టడం మర్చిపోయాడోయ్."

ఏప్రిల్ 2

పని: ఏమీ లేదు. ముద్ర.

ఏప్రిల్ 3

పని: ఏమీ లేదు. ముద్ర.

ఏప్రిల్ 11

రాజీనామా చేస్తే నేను ఓడినట్టు. చెయ్యకపోతే కూచున్నట్టు.

పరిశీలన, పదకొండుసార్లు. బంగారు వీరుడు. ఎవరికీ చూపించలేదు.

మే 7, మంగళవారం

మే మొదటి వారపు సెలవుల తరువాత మొదటి రోజు కబురాగి గారు పైకి వచ్చారు. కుసుదా పిన్ని కార్మిక కార్యాలయానికి ఫిర్యాదు ఇచ్చిందట. తనతోపాటు నలుగురి పేర్లూ చేర్చింది. 'మమ్మల్ని అడగలేదు, మాకు చెప్పలేదు' అని. విచారణ ఈ నెల ఇరవైన.

ఆయన ఒక కాగితం నా ముందు పెట్టారు. 'ఫిబ్రవరి 5న ముద్ర వేయుటకు ముందు పరీక్ష గది సభ్యులందరికీ విషయము తెలియజేసి వారి సమ్మతి పొందితిని.' కింద నా పేరు, గడి.

"ఇది వేస్తే జూన్ నుంచి ఫోను ఆటల విభాగం. కిటికీ పక్కన సీటు," అన్నారు. "పైగా ఇందులో అబద్ధమేముంది? చెప్పే ఉంటావు కదా. ఐదు రోజులు నీ దగ్గరే ఉంది."

"నేను తలకిందులుగా వేశానండి," అన్నాను. గట్టిగానే అన్నాను. "మీరు చూడనట్టు నటించారు."

ఆయన నిజంగా తెల్లబోయారు. ఫైలు తెరిచి నకలు చూపించారు.

పదకొండు ముద్రలు. కుడిచివర నాది. తలకిందులుగా లేదు. ఎడమకి ఒరిగి ఉంది, పెద్దవాళ్ళ గడుల వైపు. చిన్నవాడు పెద్దవాడి ముందు నడుం వంచినట్టు. ఈ కంపెనీలో పాతకాలపు గుమాస్తాలు కావాలనే అలా ఒరగబెట్టి వేసేవారట, వినయానికి గుర్తుగా. నా ముద్ర వాళ్ళందరికంటే ఎక్కువ వంగింది.

"ప్రెసిడెంటు గారు ప్రత్యేకంగా అడిగారు, ఎవరీ కుర్రాడని," అన్నారు కబురాగి గారు.

ఇప్పుడు గుర్తొస్తోంది. మణికట్టు తిప్పడం మొదలుపెట్టాను. 'టీ చల్లారిపోతోంది' అన్నారాయన. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మే 8

పని: ఏమీ లేదు. ముద్ర. సొరుగులో ఆ కాగితం అలాగే ఉంది.

మే 12, ఆదివారం

పిన్ని ఇంటికి వెళ్ళాను. కింద చెప్పుల కొట్టు, పైన ఒక గది. ఇనుప పెనం మీద అట్టు వేస్తోంది. క్యాబేజీ సన్నగా తరిగి కుప్ప పోసింది.

"రా రా. మూడో అంతస్తు దొరగారు! చిక్కిపోయావేంట్రా? ఆ గదిలో తిండి కూడా పెట్టరా?"

నిలబడే చెప్పాను. కూచుంటే చెప్పలేనని. కాగితం శుక్రవారం వచ్చింది. ఐదు రోజులు సొరుగులో ఉంది. మీరు చుట్టలు తిన్న రోజు కూడా ఉంది. ఫిల్టర్లని అబద్ధం చెప్పాను. ముద్ర వేశాను.

పిన్ని అట్టు తిప్పింది. నూనె చిటపటలాడింది.

"స్టూలు కూడా తెచ్చాను కదరా," అంది.

"అవును పిన్నీ."

"నా దగ్గుకి మందు దొరికిందని మా ఆయనకి కూడా చెప్పాను." గరిటెతో అట్టు అంచులు నొక్కింది, బొటనవేలితో బటను నొక్కినట్టే, ఒక్కో చోటా ఆగి. "ఎందుకు చెప్పలేదు?"

మిమ్మల్ని కంగారు పెట్టడం ఎందుకని, అనబోయాను. నోటిదాకా వచ్చింది. అది కాదు. "చెబితే మీరు వెయ్యొద్దంటారని. అంటే వెయ్యకుండా ఉండాలి కదా. నాకు భయం వేసింది."

"భయమని ఇప్పుడు తెలిసిందా?"

"ఆ కాగితంలో తలకిందులుగా వేద్దామనుకున్నాను పిన్నీ, నిరసనగా..."

"అబ్బో!" అంది. "నా ఉద్యోగానికి తద్దినం పెడుతూ ముద్ర తిరగేసి వేశానంటావు. వేశాక నిటారుగా ఉంటే ఏంటి, శీర్షాసనం వేస్తే ఏంటి? ఎర్ర సిరా ఎర్ర సిరానే." అట్టు రెండు ముక్కలు చేసి పెద్దది నా పళ్ళెంలో వేసింది. చూపు మాత్రం నా మీద వెయ్యలేదు. "ఇరవయ్యో తారీఖున ఇదే మాట అక్కడ చెప్తావా? ఫిల్టరు మాటతో సహా?"

"అందరూ నవ్వుతారు."

"నవ్వనీ. నేను నవ్వట్లేదుగా."

వచ్చేప్పుడు మిఠాయి ఇవ్వలేదు. ఆవిడ ఇవ్వకపోవడం ఇదే మొదటిసారి.

మే 15

'సుముఖంగా ఆలోచించు' అని కబురాగి గారి చీటీ. కిటికీ పక్కన సీటు. కిటికీ ఎటువైపుంటుందో.

మే 17, శుక్రవారం

పొద్దున్నే కబురాగి గారు వచ్చి ఎదురుగా కూచున్నారు. సిరాపెట్టె మూత ఆయనే తీసి పెట్టారు.

"వెయ్యనండి."

"తలకిందులుగా వేసుకో పోనీ. నాకేం అభ్యంతరం లేదు." ఇది మాత్రం నిజంగా ఎత్తిపొడుపే. మురోయి గారు గోళ్ళు చూసుకోవడం ఆపారు.

నేను నివేదిక కాగితం ఒకటి తీసి, ఆయన చూస్తుండగా రాశాను. ఫిబ్రవరి 1 నుంచి 5 వరకు అంగీకార పత్రం నా సొరుగులో ఉంచుకున్నాను. గదిలో ఎవరికీ చెప్పలేదు. అడిగితే ఏసీ ఫిల్టర్లని చెప్పాను. సమ్మతి పొందలేదు. కింద ముద్ర వేశాను. చెయ్యి తిప్పలేదు. నిటారుగా పడింది.

"ఇది పనికిరాదు," అన్నారాయన.

"మీకు కాదండి. ఇరవయ్యో తారీఖుకి."

ఆయన లేవలేదు. కోప్పడతారనుకున్నాను. "నన్నూ ఇక్కడికే పంపిస్తారు సుగెనో," అన్నారు చివరికి. "నీ దగ్గర్నుంచి ఆ ముద్ర తేకపోతే." బల్లలు ఏడున్నాయి. ఆయన వాటి వంక ఒక్కొక్కటిగా చూశారు.

నాకు జాలి వేసింది. ఫిబ్రవరిలో కూడా ఇదే జాలి. ముద్ర లోపల పెట్టి సొరుగు మూసి తాళం వేసుకున్నాను.

మే 20, సోమవారం

చెప్పాను. ఫిల్టరు మాట దగ్గర ఇద్దరు నవ్వారు. విచారణ మళ్ళీ జూలైకి వేశారు. బయటికొచ్చాక పిన్ని, "ఏరా, అన్నం తిన్నావా?" అంది. అంతే అంది.

మే 21, మంగళవారం

తొమ్మిదికి కూచున్నాను. మురోయి గారు ముందే వచ్చారు. ఫోనులో చీట్ల ఆట తీసేశాను. బంగారు వీరుడు పోయాడు, కాస్త బాధేసింది.

మధ్యాహ్నం పాత పరీక్ష గదికి దిగాను. బల్లలు లేవు. స్టూలు ఏసీ కింద ఉంది. దాన్ని మూడో అంతస్తుకి మోసుకొచ్చి, ఎక్కి, ఈ గది ఏసీ ఫిల్టరు ఊడదీశాను. దుమ్ము దుప్పటిలా చుట్టుకుని వచ్చింది. పంపు కింద కడిగి, ఆరబెట్టి, మళ్ళీ బిగించాను. మురోయి గారు కింద స్టూలు పట్టుకున్నారు.

నివేదిక. ఈ రోజు నేను చేసిన పని: ఏసీ ఫిల్టరు శుభ్రం చేశాను.

ముద్ర.